నూనె దిడ్డి

స్పెయిన్ దేశానికి దక్షిణాన సెవిల్ అనే పాత నగరం ఉంది. ఆ ఊరికి వెళ్ళినవాళ్ళందరూ మొదట అక్కడి పెద్ద చర్చినీ, దాని పక్కనున్న ఎత్తయిన గంటగోపురాన్నీ చూస్తారు. మేమూ చూశాం. వాటిని గురించి వ్రాసినవారు చాలామందే ఉన్నారు. నేను చెప్పబోయేది అక్కడికి అయిదారు నిమిషాల నడకలో, పాతకోట గోడలో మిగిలిపోయిన ఒక చిన్న ద్వారం సంగతి.

దాని పేరు 'పోస్తీగో దెల్ అసేయితే'. కోటకు సింహద్వారం కాక, పక్కగా మనుషులూ గాడిదలూ పోయి రావడానికి ఉంచే చిన్న వాకిలిని మనం దిడ్డి అంటాం కదా, 'పోస్తీగో' అంటే అదే. 'అసేయితే' అంటే నూనె. వెరసి అది నూనె దిడ్డి.

మూరులు ఆ నగరాన్ని ఏలిన రోజుల్లో, 12వ శతాబ్దంలో లేచిన గోడ అది. ఇప్పుడు కనిపించే రూపం 1573లో మరమ్మతు చేసినప్పటిది. వాకిలికి రెండు పక్కలా రాతిలో నిలువునా గాడులు తొలిచి ఉన్నాయి. గ్వాదల్‌కివీర్ నదికి వరద వచ్చినప్పుడు ఆ గాడుల్లోకి చెక్కపలకలు దించి, నీళ్ళు ఊళ్ళోకి రాకుండా ఆపేవారట. గోదావరి గట్టున పెరిగిన నాకు ఆ గాడులు చూడగానే ఎంతో పరిచయమైన వస్తువు కనిపించినట్లయింది.

"నీళ్ళను ఆపడానికి పలకలు సరే. మరి నూనె పేరెందుకు వచ్చింది?" అని మా ఆవిడ అడిగింది. మా రెండోవాడు ఆ దేశంలోనే ఉద్యోగం చేస్తున్నాడు. వాడే మాకు దుబాసీ. "పల్లెలనుంచి నూనె ఈ దారినే ఊళ్ళోకి వచ్చేదమ్మా. ఈ చుట్టుపక్కలే కొలిచి నిలవచేసేవారు" అన్నాడు.

కొలిచేవారు అన్నమాట దగ్గర నేను ఆగిపోయాను. నూనె ఊరికే కొలవరు. కొలిచారంటే పక్కనే సుంకరి కూర్చుని ఉన్నాడన్నమాట. ముప్పయ్యేళ్ళు లెక్కల గుమాస్తాగా పనిచేసినవాణ్ణి, ఆమాత్రం నాకు తెలుసు. ఆ నూనె ఎక్కడినుంచి వచ్చేదో, దారిలో ఎవరెవరు ఎంతెంత పుచ్చుకునేవారో తెలుసుకోవాలనిపించింది. మర్నాడు బస్సెక్కాం.

నది దాటి పడమటి దిక్కుగా అరగంట వెళితే నేల మెల్లగా ఎత్తెక్కుతుంది. ఆ మిట్టనేలను అల్హరాఫే అంటారు. అరబ్బు భాషలో ఎత్తయిన చోటు అనే అర్థం వచ్చే మాటనుంచి పుట్టిన పేరు. సిసిలీ రాజు కొలువులో ఉన్న అల్ ఇద్రీసీ అనే భూగోళ పండితుడు 1154లో ముగించిన తన గ్రంథంలో ఈ నేలను వర్ణించాడు. నలభై మైళ్ళ పొడవునా ఆలివ్ చెట్ల నీడలోనూ అత్తిచెట్ల నీడలోనూ నడిచి పోవచ్చునన్నాడు. ఇక్కడి నూనె తూర్పు దేశాలకూ పడమటి దేశాలకూ ఓడలమీద పోతుందన్నాడు. ఇప్పుడు ఆ నేలలో చాలాచోట్ల ఇళ్ళు లేచాయి. అయినా ఊళ్ళ మధ్య చెట్లు వరసలు వరసలుగా నిలబడే ఉన్నాయి. ఆకు పైన ముదురు పచ్చ, అడుగున వెండి రంగు. గాలి వీచినప్పుడు తోట తోటంతా ఒక్కసారి తెల్లబడి మళ్ళీ పచ్చబడుతుంది.

1248లో కాస్టిలు రాజు మూడవ ఫెర్డినాండ్ సెవిల్‌ను మూరులనుంచి గెలుచుకున్నాడు. ఆయన కొడుకు పదవ అల్ఫాన్సో ఈ తోటలను తన సర్దారులకూ, సైనికులకూ, చర్చికీ, కొత్తగా కాపురం వచ్చినవారికీ పంచిపెట్టాడు. పంచి ఊరుకోలేదు. ఈ మిట్టనేల ఆలివ్ పంటలోనూ అత్తిపండ్లలోనూ ముప్పయ్యో వంతు రాజుకు చెల్లాలని నిలుపుకున్నారు. రాజు మారాడు, మతం మారింది. పన్నుల పేర్లు మాత్రం మూరులనాటివే మిగిలాయి. కొలత పేరు అర్రోబా, గానుగశాల పేరు అల్మాసారా, అమ్మకం పన్ను పేరు అల్కబాలా, రేవు సుంకం పేరు అల్మోహరిఫాజ్గో. అన్నీ అరబ్బు మాటలే. చివరి మాట పలకడానికే నాకు నోరు తిరగలేదు. కట్టినవాళ్ళకు ఎలా తిరిగిందో!

ఒక పల్లెలో పాత గానుగశాలను చూడనిచ్చారు. అది నేను చెప్పే కాలానికి తరువాత కట్టినదే. అయినా పనితీరు అదే. మన గానుగను చూసినవారికి సగం సంగతి చెప్పనక్కరలేదు. మనకు రోలూ రోకలీ ఒకటిగా ఉండి, ఎద్దు తిరుగుతూంటే నువ్వులు నలిగి నూనె అక్కడికక్కడే దిగుతుంది. అక్కడ పని రెండు విడతలు. మొదట రాతి తొట్టిలో పెద్ద తిరగలిరాయి. గాడిద దాన్ని తిప్పుతూంటే కాయలు గింజలతో సహా నలిగి ముద్దవుతాయి. తరువాత ఆ ముద్దను గడ్డితో అల్లిన గుండ్రటి చాపలమీద పరిచి, ఒక చాపమీద ఒకటిగా నిలువెత్తు దొంతర పేరుస్తారు. ఆ దొంతరమీదికి ఒక మహాదూలాన్ని దించుతారు.

ఆ దూలాన్ని చూసి మా ఆవిడ, "ఏవండీ, ఇది తాటిచెట్టుకన్నా పొడుగ్గా ఉందే!" అంది. అంత కాకపోయినా, పెద్దింటి దూలాలు నాలుగు కలిపి కట్టినంత లావుంది. ఒక కొసను గోడలో బిగించి, పైకి లేవకుండా దానిమీద రాతిబురుజు కట్టారు. రెండో కొసకు కొయ్యమర, ఆ మరకు వేలాడే బండరాయి. మర తిప్పితే రాయి నేలనుంచి లేస్తుంది. రాయి బరువంతా దూలంమీద పడి, దొంతర నలిగి, చాపల అంచులనుంచి నూనే నీళ్ళూ కలిసి కారుతాయి. పైన వేడినీళ్ళు పోసి మళ్ళీ నలుపుతారు. కారినదంతా భూమిలో పాతిన బానల్లో తేరుకుంటుంది. నల్లటి చేదునీళ్ళు అడుక్కు, నూనె పైకి. ఒక లీటరు నూనెకు రమారమి అయిదు కిలోల కాయ కావాలి.

ఆ బురుజుకింద నిలబడినప్పుడు నాకు ఒక సంగతి తట్టింది. వడ్లు పండించినవాడు రాత్రికి రాత్రి నాలుగు బస్తాలు పాతర్లో దాచుకోగలడు, ఇంట్లో దంచుకుని తినగలడు. ఆలివ్ రైతుకు ఆ వీలు లేదు. చెట్టుమీది కాయ నోట పెట్టలేనంత చేదు. ఉప్పునీళ్ళలో ఊరవేసుకుంటే కొంత చెల్లుతుంది. తక్కినదంతా గానుగకు రావలసిందే. కోసిన కాయను నిలవ ఉంచితే పాడై నూనె కంపు కొడుతుంది కనుక త్వరగా రావాలి. ఇంత దూలం ఇంటింటికీ ఉండదు. ఊరికి ఒకటో రెండో. కనుక పన్ను వసూలు చేసేవాడు చెట్టుచెట్టుకూ తిరగనక్కరలేదు. కార్తీక మార్గశిరాల్లో వచ్చి ఈ గుమ్మం దగ్గర కూర్చుంటే చాలు, ఊళ్ళోని పంటంతా తనకై తానే నడిచి వస్తుంది.

మన పాలకులకూ ఈ కిటుకు తెలియకపోలేదు. విజయనగరం రోజుల శాసనాల్లో గానుగలమీద పన్ను కనిపిస్తుంది. నూనె ఏ గింజదైనా సుంకరి కన్ను గానుగమీదే.

ఇక లెక్క చూద్దాం. అర్రోబా అంటే నూనె కొలతలో సుమారు పన్నెండున్నర లీటర్లు. ఒక రైతుకు గానుగలో నూరు అర్రోబాలు దిగాయనుకుందాం. అందులో పదోవంతు చర్చికి. అంటే పది పోయాయి. ఆ పదిలోనూ తొమ్మిదింట రెండు వంతులు మళ్ళీ రాజుకే చేరేవి. యుద్ధాల ఖర్చుకని పోపు అనుమతి ఇచ్చాడు. ముప్పయ్యో వంతు కింద రాజుకు నేరుగా మరో మూడు. మిగిలినవి ఎనభై ఏడు. వీటిలోనే గానుగ యజమాని తన కూలిని నూనె రూపంగా కొలుచుకుంటాడు. మిగిలినది అమ్మితే అమ్మకం పన్ను. దీన్ని 1342లో పదకొండవ అల్ఫాన్సో ఒక కోట ముట్టడి ఖర్చుకని రాజ్యమంతటా విధించాడు. మొదట ఇరవయ్యోవంతు. కోట లొంగింది, యుద్ధం ముగిసింది, పన్ను మాత్రం పోలేదు. తరువాత పదోవంతుకు పెరిగింది. ఈ మూడూ ఒక్కడిమీదే పడ్డాయనుకుంటే, గానుగకూలీ కోతకూలీ లెక్కపెట్టకుండానే నూటికి ఇరవై పైచిలుకు చెయ్యి దాటిపోయిందన్నమాట. ఊరు దాటి ఓడ ఎక్కితే రేవు సుంకం వేరే.

ప్రభువుల జాగీర్లలో ఇంకో ముడి ఉండేది. కొర్దోవా ప్రాంతంలో చాలా చోట్ల ప్రభువు గానుగ తప్ప ఊళ్ళో మరొకరు గానుగ పెట్టరాదు. చెట్టు రైతుదే, కాయ రైతుదే, నలగవలసింది మాత్రం దొరగారి దూలంకింద. ఆయన అడిగిన కూలి ఇవ్వాలి, ఆయన వంతు వచ్చేదాకా కాయ కుళ్ళిపోతున్నా కాచుకోవాలి. అటువంటి గుత్తహక్కులను కాదిజ్ నగరంలో కూడిన శాసనసభ 1811లో గాని రద్దు చెయ్యలేదు.

"మరి అందరూ కట్టేవారా?" అని మా ఆవిడ అడిగింది. అసలు ప్రశ్న అదే. మతాచార్యులకు చాలా పన్నుల్లో మినహాయింపు. పెద్దవంశాలవారికి తలపన్నుల వంటివి లేవు. సెవిల్‌లో మకాం పెట్టిన జెనోవా వర్తకులకు రాజులు 13వ శతాబ్దంలోనే ఒక పేటనూ ప్రత్యేక హక్కులనూ ఇచ్చారు. నూనెను పీపాలకెత్తించి ఇంగ్లండుకూ, ఫ్లాండర్సుకూ, తూర్పు మధ్యధరా రేవులకూ పంపి లాభపడినవారిలో వాళ్ళే ముందు. ఉన్ని నేతకూ, సబ్బుకూ, దీపాలకూ ఆ దేశాల్లో నూనె కావాలి. ఇటు సెవిల్ గృహిణి సాయంత్రం దీపంలోకీ, కూరలోకీ చిన్న ముంతెడు కొనుక్కున్నప్పుడు అమ్మకం పన్ను ఆ ధరలోనే కలిసి ఉండేది. ఆవిడకు మినహాయింపు లేదు.

వసూలు చేసే పద్ధతి మనవాళ్ళకు కొత్త కాదు. సంతలో ఆశీళ్ళు పాటకు ఇచ్చినట్లే, రాజు ఫలానా ప్రాంతపు నూనె పన్నును వేలం వేసేవాడు. పాడుకున్నవాడు రాజుకు ఒప్పుకున్న మొత్తం కట్టి, తరువాత ఊళ్ళమీద పడి రాబట్టుకోవాలి. రాబట్టినకొద్దీ లాభం. రాజుకు చేతికి మట్టి అంటదు, తిట్లన్నీ గుత్తదారుకు. ఆ గుత్తదారుల్లో క్రైస్తవులూ ఉన్నారు, యూదులూ ఉన్నారు. కాని జనం కోపం యూదుల పేరుమీదే స్థిరపడిపోయింది. దానికి ఒక మతాచార్యుడి విషప్రచారం ఆజ్యం పోసింది. 1391 జూన్ నెలలో సెవిల్ యూదుల పేటమీద గుంపులు విరుచుకుపడి ఎందరినో చంపాయి. పన్ను పేరుకూడా వినని పిల్లలూ, ముసలివాళ్ళూ అందులో ఉన్నారు. బ్రతికినవారిలో చాలామంది ప్రాణభయంతో క్రైస్తవం పుచ్చుకున్నారు. పన్ను వేసిన రాజుల కోటకు మాత్రం ఏ హానీ జరగలేదు.

కథ అక్కడితో ముగిసినా బాగుండేది. తిరుగు ప్రయాణంలో బస్సు దిగి, నది ఒడ్డున త్రియానా అనే పేటలో నడిచాం. అల్హరాఫే నూనె నగరంలోకి పోవాలంటే ఈ పేటలోంచి, 1171లో మూరులు పడవలను వరసగా కట్టి వేసిన వంతెనమీదుగా పోవలసిందే. ఆ పడవల వంతెన మరమ్మతులతో 1852 దాకా నిలిచింది. ఇప్పుడున్నది ఇనుప వంతెన. ఆ వంతెన మొగదలనే ఒకప్పుడు సాన్ హోర్హే కోట ఉండేది. 1481లో మతవిచారణ సభ ఆ కోటలో దిగింది. మతం మారినవారు లోలోపల పాత మతాన్నే పాటిస్తున్నారా అని కనిపెట్టి శిక్షించడం దాని పని. ఆ సంవత్సరమే సెవిల్‌లో మనుషులను సజీవంగా తగులబెట్టడం మొదలైంది.

ఇందులో నూనెకేమి పని అంటారా? ఉంది. ఉత్తరాదినుంచి వచ్చిన పాతక్రైస్తవులు మాంసాన్ని పందికొవ్వులో వండేవారు. యూదులకు పంది నిషిద్ధం కనుక నూనెలో వండేవారు. మతం మారినంత మాత్రాన వంటచేతి అలవాటు మారదు. సెవిల్ దగ్గర్లోని ఒక ఊళ్ళో మతగురువుగా ఉండి, ఆనాటి చరిత్ర వ్రాసిన ఆంద్రేస్ బెర్నాల్డెస్ ఈ సంగతిని ఏవగింపుతో వ్రాశాడు. మాంసం నూనెలో వేయించుకుంటారనీ, వాళ్ళ ఇళ్ళూ వాకిళ్ళూ ఆ కంపు కొడతాయనీ అతని ఫిర్యాదు. మతవిచారణ సభకు వచ్చిన సాక్ష్యాల్లోనూ వంటింటి సంగతులే కుప్పలు. ఎవరింట శనివారం పొయ్యి వెలగలేదు, ఎవరింట కొవ్వుకు బదులు నూనె పోశారు, ఇవే.

అది విన్నాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "వంటింట్లో తిరగమోత వేస్తే పక్కవాళ్ళు తుమ్మడం నాకు తెలుసు గాని, దానికి ప్రాణం తీస్తారా అండీ?" అంది.

నూనెకున్న గుణమే అది. గానుగ దగ్గర సుంకరికి దాగదు, దిడ్డి దగ్గర కొలతగాడికి దాగదు, పొయ్యిమీద పొరుగువాడి ముక్కుకు దాగదు. రాజుకు పన్ను కట్టిన నూనె, చర్చికి పదోవంతు ఇచ్చిన నూనె, చర్చిలో దేవుడి ముందు దీపంగా వెలిగిన నూనె, ఒక ఇంటి మూకుట్లో మరిగేసరికి నేరానికి సాక్ష్యమైంది. పన్ను పుచ్చుకున్నప్పుడు ఎవరికీ ఆ వాసన కంపు కాలేదు.

1492లో స్పెయిన్ రాజదంపతులు యూదులందరినీ దేశంనుంచి వెళ్ళగొట్టారు. అదే సంవత్సరం కొలంబస్ ఓడలు పడమటికి బయలుదేరాయి. 1503లో కొత్త ఖండాల వ్యాపారానికి సెవిల్‌లోనే కచేరీ పెట్టారు. ఓడల్లో వెళ్ళే వలసదారులకు గోధుమపిండీ, ద్రాక్షసారా, నూనే కావాలి. వారి కూరల్లోకి మాత్రం నూనె కంపు కాలేదు కాబోలు, అల్హరాఫేలో కొత్త తోటలు లేచాయి, కొత్త బురుజులు లేచాయి.

సాన్ హోర్హే కోట ఇప్పుడు లేదు. దాన్ని పడగొట్టి ఆ చోటనే 19వ శతాబ్దంలో కూరగాయల సంత పెట్టారు. పునాదులు తవ్వితే బయటపడ్డ గోడలను కిందనే భద్రపరచి జనానికి చూపిస్తున్నారు. పైన త్రియానా మార్కెట్టు. చేపలూ, టమాటాలూ, పందికాళ్ళూ, ఆలివ్‌కాయల జాడీలూ అన్నీ ఒక్క కప్పుకిందే. ఆ మార్కెట్టులోనే మా ఆవిడ నూనె బేరం చేసింది. అంగడివాడు ఆ సంవత్సరపు కొత్తనూనెలో చిన్న రొట్టెముక్క ముంచి ఇచ్చాడు. నమిలి మింగి, కళ్ళు చెమర్చుకుంటూ, "గొంతుకలో మిరియం నలిగినట్లుందండీ! ఆవకాయకు మన నువ్వులనూనే మంచిది. పప్పులోకి మాత్రం ఇది బాగుంటుంది" అని తీర్పు చెప్పి ఒక డబ్బా తీసుకుంది. తాజా నూనెకు ఆ ఘాటు ఉంటేనే మంచిదట.

బిల్లు నేను చూశాను. చూడకుండా ఉండలేను. పన్ను నూటికి నాలుగు. వానలు లేక ధర విపరీతంగా పెరిగినప్పుడు 2024లో మూడు నెలలపాటు పూర్తిగా తీసివేశారట. 2025నుంచి రొట్టె, పాలతోపాటు నిత్యావసరాల జాబితాలో చేర్చి నాలుగు చేశారు. మన దేశంలో వంటనూనెమీద అయిదు. అల్కబాలా నాడు పది. ఆ లెక్క చెబితే మా ఆవిడ, "నాలుగైతేనేం, అందరికీ ఒకటే కదా?" అంది. ఔను, ఆ కాగితంమీద మతం గడి లేదు, వంశం గడి లేదు.

అంగడివాడు మూత గట్టిగా బిగించి, రెండు సంచుల్లో చుట్టి ఇచ్చాడు. ఎంత చుట్టినా ఏం లాభం? సాయంత్రం మాడ్రిడ్ రైలెక్కేసరికి పెట్టెలో ఆ వాసన తెలుస్తూనే ఉంది. మా ఆవిడ సంచిని కాళ్ళదగ్గరికి ఇంకా లోపలికి నెట్టుకుంది. ఎదుటి సీటులోని పెద్దాయన పత్రిక దించి, ఒకసారి గాలి పీల్చి, మావాడితో ఏదో అన్నాడు. మేం కంగారుగా వాడివంక చూశాం.

"కొత్తనూనె కదా, ఏ ఊరిది అని అడుగుతున్నారు" అన్నాడు మావాడు.